ఇరవై అడుగులంటే ఇరవై అడుగులే

దారిలో ఆగిపోయిన బళ్ళని ట్రైలర్ మీదకి ఎక్కించి మెకానిక్ దగ్గరికి చేర్చడం మా పని. ముందు మా లాగుడు బండి, దాని కొక్కేనికి తగిలించి వెనకాల చదునుగా, పక్కలు లేని ట్రైలర్. బండి నడిపేది మా ఆవిడ. కిందకి దిగి కారుని పైకి లాగే వించ్ తాడు తగిలించేది, చక్రాలకి బెల్టులు బిగించేది, కారు ఓనరు దిగులు పడుతుంటే ఓదార్చేది నేను. మొదట్లో మమ్మల్ని చూసి జనం నవ్వేవారు. తర్వాత తర్వాత ఫోన్ చేసి "ఆవిడ వస్తారా, ఇంకెవరైనా వస్తారా" అని అడగడం మొదలుపెట్టారు.

ముందుకి నడపడం నాకూ వచ్చు, ఆ మాత్రం ఎవరికైనా వస్తుంది. వెనక్కి నడపమంటేనే ట్రైలర్‌కీ నాకూ పడదు. నేను ఎడమ అంటే అది కుడి అంటుంది. ఒకసారి ఒక సందులో అలా తిప్పలు పడుతుంటే మా ఆవిడ "దిగు, దిగు, నువ్వు దిగు ముందు" అని నన్ను పక్కకి నెట్టి స్టీరింగ్ పట్టుకుంది. అంతే. ఆ సీటు మళ్ళీ నాకు దొరకలేదు. నేనూ అడగలేదు.

ఈ పనిలో సగం మా బావది. అంటే మా అక్క మొగుడు. యార్డు ఆయనది, లాగుడు బండి మాది, ట్రైలర్ ఇద్దరం కలిసి కొన్నది. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ విషయమైనా ముందు తను తేల్చేసి, తర్వాత మనల్ని సలహా అడుగుతాడు.

పాత ట్రైలర్ పదహారు అడుగులది. దాని నేల తుప్పు పట్టి జల్లెడలా అయింది. ఇరుసు పగిలితే అతికించాం, మళ్ళీ పగిలితే మళ్ళీ అతికించాం. చివరికి మా వెల్డరే దండం పెట్టేశాడు.

"ఇంకోసారి అతికిస్తే దీంట్లో ఇనుము కంటే నా వెల్డింగే ఎక్కువుంటుంది. కొత్తది కట్టించుకోండి బాబూ, ఎంత పొడవు కావాలో చెప్పండి చాలు" అన్నాడు.

ఎంత పొడవు కావాలి? గొడవంతా ఈ ఒక్క ముక్క దగ్గరే మొదలైంది.

మర్నాడు యార్డు ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఆఫీసంటే ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి వేలాడే పాత బెల్టులు. బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బారజాపాడు.

"ముప్పై ఆరు అడుగులు!" అన్నాడు. "ఒక్క ట్రిప్పులో రెండు కార్లు. డీజిల్ అదే, టైరు అదే, పని మాత్రం డబుల్. ఏమంటావురా బావమరిదీ?"

నేను ఏదో అనేలోపే మా ఆవిడ అందుకుంది. వేస్టు గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూనే అడిగింది.

"అన్నయ్యా, బళ్ళు జంటగా చెడిపోతాయా?"

"అంటే?"

"ఒకాయన కారు ఈ మూల ఆగిపోయింది, ఎక్కించుకున్నాం. రెండో ఆయన కారు ఎప్పుడు ఆగుతుంది? ఎక్కడ ఆగుతుంది? అందాకా మొదటాయన్ని కారుతో సహా ట్రైలర్ మీద పెట్టుకుని ఊరేగిస్తామా?"

నాకు నవ్వొచ్చింది. బావ నా వైపు చూడగానే దాన్ని దగ్గు కింద మార్చేశాను.

"అబ్బ, అక్కడే ఉండిపోతావేంటమ్మా? ఎన్నాళ్ళని సందుల్లో చచ్చిన కార్లు ఏరుకుంటాం? షోరూముల వాళ్ళతో మాట్లాడతాను. ఒక ఊళ్ళోంచి ఇంకో ఊరికి కొత్త కార్లు మోద్దాం. హైవే మీద జామ్మని పోవడమే."

మాట తీసేయడానికి లేదు. హైవే పని మంచిదే. మా ఆవిడ కూడా తల ఊపింది. అప్పుడు బావ అసలు సంగతి చాలా మెల్లగా, టీలో పంచదార కలిపినట్టు కలిపాడు.

"ఆ పొడవుకి పెద్ద లైసెన్సు కావాలి కదా, అది మా అన్న కొడుక్కి ఉంది. వాడు నడుపుతాడు. నువ్వింక ఎండలో తిరగక్కర్లేదు చెల్లెమ్మా. ఇక్కడే కూర్చుని ఫోన్లు చూసుకో."

మా ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నన్ను దింపేస్తున్నారన్నమాట."

"దింపడమేంటమ్మా, సుఖపడమంటున్నాను."

"నేనడిగానా?"

"నీకేం కావాలో చెప్పు పోనీ."

"ఇరవై అడుగులు."

బావ పకపకా నవ్వాడు. "ఇరవయ్యా! పాతదానికి తోక అతికించినట్టు. చెప్పు చెప్పు, పెద్దది వెనక్కి నడపాలంటే భయం, అంతే కదా? భయమైతే తప్పేం లేదు. ఆడపిల్లవి, ఎవరూ ఏమీ అనుకోరు."

మా ఆవిడ గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టింది. ఆవిడ వస్తువులు మడతపెట్టడం మొదలుపెడితే నేను కాస్త దూరం జరుగుతాను. ఆరోజు మాత్రం బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక శాంతంగా ఉన్నట్టే కనిపించింది. నాకు అదే భయం. పెద్దమనిషి తరహాలో రాజీ చేద్దామని కూర్చున్నాను.

"బావ ముప్పై ఆరు అంటున్నాడు, నువ్వు ఇరవై అంటున్నావు. మధ్యేమార్గంగా ఓ ఇరవై ఎనిమిది అనుకుంటే?"

"ఇరవై ఎనిమిది ఎవరికి? ఒక కారుకి ఎక్కువ, రెండు కార్లకి తక్కువ. అచ్చం నీలాగే మధ్యలో వేలాడుతుంది."

"నన్నెందుకు లాగుతావు?"

"నిన్ను లాగడం కొత్తా? రా, బయటికి రా."

మా ఇంటి ముందు పాత ట్రైలర్ ఉంది. దాని వెనక చివర ఒక ప్లాస్టిక్ పైపు, పైపు కొసన ఎర్ర గుడ్డ. నేనది ఎప్పట్నించో చూస్తున్నాను, ఎందుకని మాత్రం అడగలేదు. బెల్టులు ఆరేయడానికి అనుకున్నాను.

"ఇరుసు మొదటిసారి పగిలినప్పటి నుంచి ఈ పైపు కట్టుకునే తిరుగుతున్నాను. ట్రైలర్ ముందు అంచు నుంచి ఆ ఎర్ర గుడ్డ దాకా ఇరవై అడుగులు" అంది. "మనం రోజూ వెళ్ళే సందులన్నీ తిరిగాను. మార్కెట్ వెనక మలుపులో ఒక్కచోట గోడకి రాసుకుంది. అదీ నేను తొందరపడ్డాను కాబట్టి."

పైపు ఊగినట్టే అసలు ట్రైలర్ తిరగదు. చక్రాలు ఎక్కడ బిగిస్తామో దాన్ని బట్టి మారుతుంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒక అంచనా కావాలి కదా, గాల్లో చేతులు జాపి ముప్పై ఆరు అనడం కంటే నయం.

"మరి పాతదానిలాగే పదహారు చాలదా?" అన్నాను.

"మొన్న ఆ సరుకుల వ్యాన్ ఎక్కించావు గుర్తుందా? ఎంతుంది?"

"పద్దెనిమిది దాటింది. వెనక చక్రాలు అంచు మీద ఆగాయి. నాకు ప్రాణం పోయింది."

"ఎలా నడిచిందో నీకేం తెలుసు, కళ్ళు మూసుకున్నావు. తోక ఊపుతూనే ఉంది దారంతా."

తోక ఊపడం అంటే చెబుతాను. ఇంజన్ బరువు ట్రైలర్ చక్రాలకి కొంచెం ముందుకి పడాలి. వెనక్కి పడితే ట్రైలర్ అటూ ఇటూ కొట్టుకుని ముందున్న బండినీ లాగేస్తుంది. మరీ ముందుకి పడితే ముందు బండి వీపు కుంగిపోతుంది. అందుకని ఎక్కించిన కారుని జానెడు ముందుకి, జానెడు వెనక్కి జరుపుకోవడానికి చోటుండాలి. ముందు భాగం నుజ్జయిపోయిన కార్లు కొన్ని ఉంటాయి, వాటిని వెనక నుంచే ఎక్కించాలి. అప్పుడు ఇంజన్ వెనక్కి వస్తుంది, ఇంకా చోటు కావాలి. కాబట్టి మోసేవాటిలో పెద్దది ఏదో చూసుకుని, దాని మీద రెండడుగులు వేసుకోవాలి. పైగా ట్రైలర్ మెడ, అంటే కొక్కెం దాకా ఉండే ముందు భాగం, ఈ లెక్కలోకి రాదు. అదింకో నాలుగైదు అడుగులు. ఇదంతా ఆవిడ నాకు వీధిలో నిలబడి చేతులు ఊపుకుంటూ చెప్పింది. పక్కింటాయన బాల్కనీలోంచి, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారేమోనని ఆశగా చూశాడు.

"పెద్ద లైసెన్సు పరీక్షకి నేను వెళ్ళలేనా?" అంది చివర్లో. గొంతు కాస్త తగ్గింది. "రేపు వెళ్ళమంటే రేపు వెళతాను. ఒక్కమాట అడిగారా నన్ను? మనిషిని మాట్లాడేసుకుని, నన్ను తీసుకెళ్ళి ఫోన్ పక్కన పెడతారట. పూలకుండీ జరిపినట్టు."

ట్రైలర్ పొడవు చూస్తే బావ మాటలోనూ న్యాయం ఉంది. కానీ గొడవ పొడవు గురించి కాదని నాకు అప్పుడు సరిగ్గా తలకెక్కింది. సీటు పోతే మా ఆవిడకి ఇంక పనిలో మిగిలేదేమీ లేదు.

ఆ మర్నాడు మా అక్క వచ్చింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ భోజనం ముట్టలేదురా."

"టిఫిన్ చేశారా వదినా?" అంది మా ఆవిడ లోపల్నించి.

"అది చేశారనుకో. కానీ మనసు బాగోలేదు. నీకేం తల్లీ, హాయిగా ఫ్యాను కింద కూర్చోమంటుంటే ఈ పంతమేంటి? నాకైతే అలాంటి మాట ఎవరూ అనలేదు జన్మలో."

"అయితే ఆ ఫ్యాను కింద మీరు కూర్చోండి వదినా. ఫోన్లు మీరు ఎత్తండి. మీ గొంతు నాకంటే బాగుంటుంది."

అక్కకి ఒక్క క్షణం ఆ ఆలోచన నచ్చినట్టే అనిపించింది. వెంటనే సర్దుకుంది.

"మాట తప్పించకు. వాళ్ళ అన్న కొడుక్కి ఆయన మాటిచ్చారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

"నన్ను దింపేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఎవరైనా ఆలోచించారా?"

అక్క నా వైపు తిరిగింది. "చూశావురా, ఎలా మాట్లాడుతుందో! నువ్వు చెప్పవేరా?"

"నేను చెబితే వింటుందా అక్కా" అన్నాను. అదొక పిరికి మాట. ఇద్దరూ ఒకేసారి నన్ను ఈసడింపుగా చూశారు. వాళ్ళిద్దరికీ కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

వెల్డర్ షెడ్డు దగ్గర కలుద్దామని బావే కబురు పెట్టాడు. చానెళ్ళు, అంటే ట్రైలర్‌కి వెన్నెముకలా వేసే పొడుగు ఇనుప దూలాలు, వచ్చేశాయి. నేల మీద బారుగా పడున్నాయి. వెల్డర్ కటింగ్ మిషను చేత్తో పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నిలబడ్డాడు.

"ఒకసారి కోశానంటే మళ్ళీ పొడుగు చెయ్యడం నా వల్ల కాదు. అందరూ కలిసి ఒక మాట చెప్పండి. ఆ తర్వాత నన్ను తిట్టకూడదు."

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఎవరిదో పొడుగు ట్రైలర్ లాగుడు బండితో సహా నిలబడి ఉంది. రిపేరుకి వచ్చింది. సరిగ్గా రెండు కార్లు పట్టేది. బావ దాన్ని చూపించాడు.

"అదిగో, అలాంటిది కావాలి మనకి. చూస్తే ఎలా ఉంది? ఏనుగులా లేదూ? చెల్లెమ్మ దాన్ని చూసే జడుసుకుంటోంది గానీ, మా వాడైతే ఒంటిచేత్తో తిప్పేస్తాడు."

మా ఆవిడ వెల్డర్ వైపు చెయ్యి చాపింది. "తాళం ఇవ్వు."

"అమ్మా, ఇంకొకళ్ళ బండి..."

"గేటు దాటించను. గీత పడితే నాది పూచీ. ఇవ్వు."

వెల్డర్ బావని చూశాడు, నన్ను చూశాడు, చివరికి తాళం ఇచ్చేశాడు. ఆవిడ ముందు ట్రైలర్ దూరాల్సిన చోటు చూసుకుంది. ఒక పక్క నీళ్ళ పీపాలు, ఇంకో పక్క ఇనుప కమ్మీల గుట్ట, మధ్యలో ట్రైలర్ వెడల్పు కంటే చెయ్యి మందం ఎక్కువ. నడుచుకుంటూ వెళ్ళి, చూసుకుంటూ వచ్చి, బండెక్కింది. అద్దాలు సరిచేసుకుంది. స్టీరింగ్ కింది భాగాన చెయ్యి వేసింది. అలా పట్టుకుంటే చెయ్యి ఎటు జరిగితే తోక అటే వెళుతుందని నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ముందుకి కాస్త తీసి, వెనక్కి మొదలుపెట్టింది. బావ నోరు కొంచెం తెరుచుకుంది. ట్రైలర్ తోక మెల్లగా పక్కకి వాలి, మళ్ళీ తిన్నగా అయి, పీపాలకీ గుట్టకీ మధ్యలోకి సొరుగు మూసినట్టు వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా ముందుకి తీసి సరిచేసుకోలేదు. దిగింది. తాళం వెల్డర్ చేతిలో పెట్టింది.

"పొడుగుది వెనక్కి నడపడమే తేలిక అన్నయ్యా. మనం తిప్పిందాన్ని అది నింపాదిగా వింటుంది. పొట్టిదే తిక్కది, చిటికెలో అడ్డం తిరుగుతుంది. ఇన్నాళ్ళూ నేను తిప్పింది పొట్టిదాన్నే."

వెల్డర్ చప్పట్లు కొట్టబోయి బావ మొహం చూసి చేతులు తుడుచుకున్నాడు. బావ తొందరగానే తేరుకున్నాడు, ఆ తెలివి ఆయనకుంది.

"మంచిది! చేతనవుతోంది కదా, మరి ఇంకేంటి పేచీ? ముప్పై ఆరే కోయిద్దాం."

"సీటు ఎవరికి?"

బావ నేల చూశాడు. "మా వాడికి మాటిచ్చానమ్మా. నువ్వు పరీక్ష రాసి, పాసై... అదంతా తర్వాత చూద్దాం."

"మాట మీరిచ్చారు. సీటు నాది. నాకు చేతకాక ఇరవై అడగలేదు. మనకి వచ్చే పని అది, మనం తిరిగే సందులు అవి. పొడుగుది మీకు కావాలంటే కట్టించుకోండి, నడిపించుకోండి, నాకేం ఏడుపు లేదు. నన్ను దింపడానికి మాత్రం ట్రైలర్ని సాగదీయకండి."

"ఏరా!" అన్నాడు బావ నా మీద. "సగం నీది కదా, నోరు విప్పవేరా? ఆవిడ మాటేనా, నీ మాటంటూ ఒకటుందా?"

వెల్డర్ కూడా నన్నే చూస్తున్నాడు. కటింగ్ మిషను చేతిలో బరువుగా ఉన్నట్టుంది పాపం, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. మా ఆవిడ మాత్రం నన్ను చూడలేదు. చానెళ్ళ వైపు చూస్తూ నిలబడింది. చూసి బతిమాలి ఉంటే నేను మళ్ళీ ఏదో రాజీ మాట్లాడేవాడినేమో. చూడలేదు కాబట్టే నోట్లోంచి వచ్చింది.

"ఇరవై" అన్నాను.

"ఏంటీ?"

"ఇరవై అడుగులు, బావా. ఆవిడ చెప్పిందని కాదు. బెల్టులు బిగించేది నేను, అంచు మీద చక్రం ఆగితే ప్రాణం పోయేది నాకు. నాకు ఇరవై కావాలి. నడిపేది ఆవిడే కావాలి. ఇంకొకడు నడిపితే నేను కింద నిలబడను."

బావ మొహం ఎర్రబడింది. "అయితే ఇదే చివరి మాటా?"

"అవును."

"సరే. రేపటి నుంచి నా యార్డులో మీ బండి కనబడకూడదు. పెట్టుకోండి, మీ సందుల్లోనే పెట్టుకోండి ఆ బొమ్మ ట్రైలర్ని!"

"అలాగే పెట్టుకుంటాం అన్నయ్యా" అంది మా ఆవిడ. కోపంగా కూడా అనలేదు.

ఆయన వెళ్ళిపోయాడు. అంతకంటే పెద్దగా ఏమీ జరగలేదు. వెల్డర్ కళ్ళజోడు కిందకి దించి, "ఇరవై నిండుగానా, అంగుళం అటూ ఇటూనా?" అని అడిగాడు.

"నిండుగా. కోసే ముందు ఇంకోసారి కొలువు" అంది. నిప్పురవ్వలు లేచాయి. ఇద్దరం పీపాల పక్కన నిలబడి, చానెల్ తెగి కింద పడేదాకా చూశాం.

ఉన్నదున్నట్టు చెప్పాలి. బావ తనకి కావలసిన పొడుగుది వేరేగా కట్టించుకున్నాడు. వాళ్ళ అన్న కొడుకు నడుపుతున్నాడు. షోరూముల పని దొరికింది, బాగానే సాగుతోంది. హైవే మీద ఒకసారి ఎదురుపడితే చూశాను, మెరిసిపోతున్న రెండు కార్లతో నిజంగానే ఏనుగులా ఉంది. తప్పు ఆ పొడవుది కాదు. అక్క ఇంకా ఫోన్ చెయ్యడం లేదు. అది మాత్రం నాకు ముల్లులానే ఉంది.

మాకు యార్డు లేదు ఇప్పుడు. కొత్త ట్రైలర్ తెచ్చిన రోజున దాన్ని మా ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలోకి దూర్చాలి. ఆ జాగా ఓనరుని బతిమాలి అద్దెకి తీసుకున్నాం. మూలమీద కరెంటు స్తంభం, ఎదురుగా పక్కింటాయన కొత్త గోడ. మా ఆవిడ వెనక్కి తీయడం మొదలుపెట్టగానే వీధిలో మగాళ్ళందరూ బయటికొచ్చారు.

"ఎడమ! ఎడమ కొట్టమ్మా!"

"కాదు కాదు, కుడికి తిప్పు!"

"అబ్బే, అది ఆవిడ వల్ల కాదు, వాళ్ళాయన్ని ఎక్కమనండి."

ఈ చివరి మాటకి నాకు నవ్వాగలేదు. సాయం చేద్దామని నేనూ వెనకాల నిలబడి చెయ్యి ఊపాను. ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"నువ్వు ఊపకు. పక్కకి తప్పుకో."

తప్పుకున్నాను. ఆవిడ అద్దం పైకెత్తేసుకుంది. అరుపులన్నీ బయటే ఉండిపోయాయి. ట్రైలర్ స్తంభం పక్కగా ఒరుసుకోకుండా తిరిగి, జాగాలోకి సర్దుకుంది. బల్లలా తిన్నగా నిలబడింది. జనం మెల్లగా ఇళ్ళలోకి కదిలారు. పక్కింటాయన మాత్రం గోడ తడుముకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"రోజూ ఇదేనా ఇక?" అన్నాడు. "పొద్దున్నే చప్పుడు చేస్తారా ఏంటి?"

మా ఆవిడ దిగి, తలుపు తాళం వేసి, ఆయనకేసి తిరిగింది.

"చేస్తామండీ. తెల్లారకుండానే ఫోన్లొస్తాయి. కార్లు ఎక్కించే వాలు పలకలు ఇనుపవి కదా, గట్టిగానే మోగుతాయి. అలవాటు చేసుకోండి."